పలకరాయి జారిన మధ్యాహ్నాలు

మొదటిసారి అది తనంతట తాను జరిగినప్పుడు నేను పెరుగన్నం తింటున్నాను. మోటారు ఆపేసి గంట దాటింది. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. మోటారుతో ఊగే బల్ల మీద బిగించిన ఇనుప చట్రం కిర్రుమని, గోరు మందాన ఎడమ పక్కకు జరిగి ఆగింది. కంప్యూటర్ తెర మీద అంతవరకూ సాఫీగా పోతున్న గీత ఒక మెట్టు దిగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ సాఫీగా పోసాగింది. చేతిలో ముద్ద అట్లనే పట్టుకొని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అది మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో మూతపడిన పలకల ఫ్యాక్టరీ. ఒకప్పుడు అక్కడ పిల్లలు రాసుకునే పలకలు కోసి, చెక్క చట్రాలు బిగించి లారీలకు ఎత్తేవాళ్ళు. బడుల్లోకి నోటు పుస్తకాలు వచ్చినాక ఆ పని పోయింది. ఓనర్లు ఊళ్ళో హోల్‌సేల్ దుకాణం చూసుకుంటూ, ఆ షెడ్డును, అందులో మిగిలిపోయిన పలకరాయి దొంతరలను కాపలాకు ఒక ముసలామెకు అప్పజెప్పినారు, ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని. నేను అప్పుడు దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. పీహెచ్‌డీ కోసం ఒక యంత్రం కట్టుకోవాలి, కాలేజీలో దానికి చోటు లేదన్నారు. గిద్దలూరులో లేత్ మిషను పెట్టుకున్న మా నాయన, ఆ ఓనర్ల రాయికోత మిషన్లు ఎన్నోసార్లు బాగుచేసినవాడు. ఆయన అడిగితే షెడ్డులో సగం నాకు ఇచ్చినారు.

నా పని ఇది. భూకంపంలో ఇల్లు ఊగుతుంది. ఆ ఊపు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. మనం దారి చూపించకపోతే అది గోడలను చీల్చి, స్తంభాలను విరిచి ఖర్చవుతుంది. అందుకని కట్టడంలో కావాలనే జారే కీలు ఒకటి పెడతారు. దాన్ని డ్యాంపర్ అంటారు. రెండు ఇనుప రేకుల మధ్య గరుకు బిళ్ళ పెట్టి బోల్టుతో గట్టిగా బిగిస్తారు. మామూలు గాలికి అది కదలదు. పెద్ద ఊపు వచ్చినప్పుడు జారుతుంది, రాసుకుంటుంది, కాలుతుంది. ఊపంతా వేడిగా మారిపోతుంది. ఆ బిళ్ళ మా పలకరాయిదైతే ఎట్లుంటుందో తెలుసుకోవాలని నా కోరిక.

తయారు చేయడం కష్టం కాదు. నాయన రెండు వారాల్లో చట్రం వెల్డింగ్ చేసి, రెండు వైపులా స్ప్రింగులు కట్టి ఇచ్చినాడు. దాని గుణం పట్టుకోవడం కష్టం. స్ప్రింగును రెండింతలు లాగితే రెండింతలు సాగుతుంది. ఇది అట్ల కాదు. కొంచెం తోస్తే కదలదు. ఇంకొంచెం తోస్తే ఒక్కసారిగా పోతుంది. వెనక్కి లాగితే వచ్చిన దారిన పోదు. ఇప్పుడు ఎక్కడుందో చూసి తర్వాత ఏం చేస్తుందో చెప్పలేము. అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో కూడా తెలియాలి. తోసిన బలాన్ని, జరిగిన దూరాన్ని కలిపి గ్రాఫు గీస్తే, గీత పోయి తిరిగొచ్చి ఉచ్చులాగా బిగుసుకుంటుంది. ఆ ఉచ్చు లోపల ఎంత జాగా ఉంటే అంత ఊపును అది మింగినట్టు. అదే ఉచ్చును కాగితం మీద మళ్ళీ గీయగల సమీకరణం దొరికిన రోజున, ఆ డ్యాంపర్ మనకు తెలిసినట్టు.

నాకు దొరికిందనుకున్నాను. సోమవారం గీసిన ఉచ్చు నా లెక్కకు సరిగ్గా సరిపోయింది. మంగళవారం అదే బిళ్ళ, అదే బోల్టు, అదే తోపు. ఉచ్చు వేరు. బుధవారం ఇంకా సన్నబడింది. రోజూ రెండున్నర, మూడు మధ్యలో, మోటారు ఆపి ఉన్నప్పుడు, అది ఒకసారి మూలిగి జరిగేది. బయట ఎండ. రోడ్డు మీద పురుగు ఉండదు. షెడ్డు రేకులు కాలిన వాసన. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో, నాలుగు క్వింటాళ్ళ ఇనుము ఎవరో భుజంతో నెట్టినట్టు జరగడం రోజూ చూస్తా ఉంటే, పట్టపగలే భయం వేసేది. కరెంటు వైరు పీకేసి చూసినాను. అయినా జరిగింది. మా గైడుకు ఫోన్ చేస్తే, "సెన్సర్ చూసుకోమ్మా" అని పెట్టేసినాడు. సెన్సర్ కాదు. నేను కళ్ళతో చూస్తున్నాను.

ఇంకో సంగతి గమనించడానికి నాకు వారం పట్టింది. అది జరిగే ముందల పెద్దమ్మ షెడ్డులో ఉండేది కాదు. రాళ్ళ దొంతరల పక్కన చీపుర్లు కట్టుకుంటూ కూర్చున్న మనిషి, చేతిలో పని అట్లనే వదిలి, లేచి బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడేది. రెండు మూడు నిమిషాలకు లోపల చట్రం కిర్రుమనేది. అప్పుడు మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఆ రోజు నేను కూడా ఆమె వెనకాలే బయటికి పోయినాను.

"పెద్దమ్మా, నీకెట్ల తెలుస్తుంది?" అని అడిగినాను.

"ఏంది తెలిసేది?"

"అది జరుగుతుందని."

ఆమె నా మొహం చూసింది. "చెప్తా ఉంది కదా పాపా. నీకు వినపడదా?"

నాకేమీ వినపడలేదు. అప్పుడే లోపల కిర్రుమన్నది.

పెద్దమ్మ చెట్టు మొదట్లో కూలబడి, కొంగుతో మెడ తుడుచుకొని, నేను అడగకుండానే చెప్పింది. ఆమె, ఆమె మొగుడు ఇద్దరూ పలకల గనిలో పని చేసినవాళ్ళు. ఆయన లోపల రాయి లేపేవాడు. ఆమె గంపతో పైకి మోసేది.

"ఆ పొద్దు గని గోడలో చిటుకు చిటుకుమంటా ఉంది. ఎండుకంప విరిచినట్టు. ముందల నాకే వినపడింది. బయటికి రాండి, అందరూ బయటికి రాండి అని అరిచినాను. అందరూ వచ్చినారు. ఆయన కూడా సగం దాకా ఎక్కినాడు. గడ్డపార మర్చిపోయినా అని మళ్ళీ దిగినాడు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"తర్వాత చప్పుడు లేదు పాపా. ఇప్పటికీ అదే నాకు అర్థం కాదు. అంత గోడ పడితే చప్పుడు కావాల కదా. పక్కన ఉన్నోళ్ళు ఉరుము మాదిరి వచ్చిందంటారు. నాకు ఒక్క చప్పుడు కూడా వినపడలేదు. దుమ్ము లేచింది చూసినాను, అంతే."

అప్పటి నుంచి రాయి చిటుకుమంటే ఆమె కాళ్ళు వాటంతట అవే బయటికి పోతాయంట.

ఆదివారం నాయన గిద్దలూరు నుంచి రైల్లో వచ్చినాడు. నేను జరిగింది చెప్తే నవ్వలేదు, భయపడలేదు. మధ్యాహ్నం దాకా యంత్రం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. రెండు గంటలకు లేచి, బోల్టు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసినాడు.

"కాలుతుంది చూడు" అన్నాడు. "ఇనుము ఎక్కువ సాగుతుంది, రాయి అంత సాగదు. బోల్టు వెంట్రుకవాసి పొడుగైతే పట్టు సడలిపోదూ? నువ్వు ఆడించి ఒక పక్కకు వదిలేసినావు. స్ప్రింగు దాన్ని నడిమికి లాగుతానే ఉంది. పట్టు సడలినప్పుడు జారింది. అంతే అమ్మా."

అంతే. నాకు సిగ్గు వేసింది, ప్రాణం కుదుటపడింది కూడా. బోల్టు కింద గట్టి స్ప్రింగు వాషర్లు వేసి, పక్కన వేడి కొలిచే తీగ అంటించినాం. వేడిని లెక్కలోకి తెచ్చినాక ఉచ్చులు చాలావరకు దారికొచ్చినాయి. అయినా కొంత తేడా మిగిలింది. అప్పుడు పెద్దమ్మ మాట గుర్తొచ్చి, రూపాయి బిళ్ళంత మైకు ఒకటి తెప్పించి రాతి బిళ్ళ అంచుకు అంటించినాను. అది గాలిలో శబ్దం కాదు, తాను అంటుకున్న వస్తువు లోపలి శబ్దం వింటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాను. నిజంగానే ఉంది. జారడానికి ముందు రాతి లోపల సన్నగా, ఆగి ఆగి, చిటుకు, చిటుకు. పొరలు విడిపోతున్న చప్పుడు. జారే క్షణం దగ్గరయ్యేకొద్దీ ఒత్తుగా వచ్చి, చివర్లో ఒక క్షణం పూర్తిగా ఆగి, అప్పుడు కిర్రు.

ఆ చిటుకులను లెక్కపెట్టి సమీకరణంలో కలిపితే, తేడా పోయింది. రాతికి ఎంత వయసు అయిందో, ఎంత అరిగిందో ఆ చప్పుడు చెప్తా ఉంది. గైడు మొదటిసారి ఫోన్లో "బాగుంది" అన్నాడు. "ఇక నిజం భూకంపం ఆడించి చూడు" అన్నాడు.

ఆడించడమంటే ఇది. ఎప్పుడో మరో దేశంలో భూకంపం వచ్చింది. అక్కడి కొలత యంత్రం నేల ఎట్ల కదిలిందో క్షణం క్షణం రాసి పెట్టింది. ఆ అంకెలు మా బల్లకు ఇస్తే, ఆనాటి నేల కదిలినట్టే బల్ల కదులుతుంది. మా రంగంలో అందరూ వాడే రికార్డు. నేను అప్పటిదాకా దాన్ని అంకెలుగానే చూసినాను.

మొదటిసారి ఆడించినప్పుడు పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసింది. చట్రం కొట్టుకుని, కొట్టుకుని, మెల్లగా సద్దుమణిగింది.

"ఏంది పాపా ఇది? మామూలుగా ఊపినట్టు లేదే."

చెప్పినాను.

"ఆ పొద్దు మనుషులు పోయినారా?"

"పోయినారు పెద్దమ్మా. చాలామంది."

"వాళ్ళను చంపిన ఊపే ఇది?"

"అదే."

"మళ్ళీ ఎందుకు లేపుతా ఉన్నావు దాన్ని?"

ఇంకొకరి ఇల్లు నిలబడటానికి అన్నాను. ఆమె తలూపింది. కాదనలేదు. ఎన్నిసార్లు ఆడించాలని అడిగింది. వంద దాకా కావాలన్నాను.

మరుసటి రోజు నేను మీట నొక్కబోతుంటే, "ఉండు" అన్నది. గుమ్మంలో నిలబడి, షెడ్డు లోపలికి తిరిగి, గొంతెత్తి పిలిచింది.

"బయటికి రాండి. అందరూ బయటికి రాండి."

లోపల నేను, యంత్రం, పలకరాళ్ళ దొంతరలు. ఆమె కొంచెం ఆగింది. నడవలేనివాళ్ళ కోసం ఆగినట్టు ఇంకాస్త ఆగింది. తర్వాత తలుపు పక్కకు జరిగి, "ఇప్పుడు ఆడించుకో" అన్నది.

ఆ పొద్దు నుంచి ప్రతిసారీ అదే. రోజుకు ఆరుసార్లు, ఏడుసార్లు. ఒక్కసారి కూడా తొందరపడలేదు, విసుక్కోలేదు. నేను మొదట్లో లోపల నవ్వుకున్నాను. పదోసారికో పన్నెండోసారికో, ఆమె ఆగే ఆ కాస్తసేపూ నేను కూడా గుమ్మం వైపు చూడసాగినాను. ఎవరైనా దాటిపోతున్నారేమో అన్నట్టు దారిలో నుంచి కాళ్ళు ముడుచుకునేదాన్ని. కావాలని చేసింది కాదు. కాళ్ళే ముడుచుకునేవి.

ఒక రోజు ఆమెకు జ్వరం. రాలేదు. నేను మీట మీద వేలు పెట్టి కూర్చున్నాను. పదకొండయింది, పన్నెండయింది. వేలు నొక్కదు. చదువుకున్నదాన్ని, రేపు ఈ పనికే డాక్టర్ అనిపించుకోబోయేదాన్ని. చివరికి లేచి గుమ్మంలోకి పోయినాను. రోడ్డు మీద ఎవరూ లేరని చూసుకొని, లోపలికి తిరిగి, చిన్న గొంతుతో పిలిచినాను. రాళ్ళ దొంతరలు ఆ పిలుపును తిరిగి పలికినాయి. ఒకటి కాదు, దొంతర దొంతరకు ఒకటి. చాలామంది ఒకరికొకరు చెప్పుకుంటున్నట్టు వినపడింది. నేను మీట దగ్గరికి పోవడానికి కొంచెం టైం పట్టింది.

ఆ వారం ఇంట్లో కూర్చొని రాతి మైకు రికార్డింగులన్నీ వరసగా విన్నాను, చిటుకులు లెక్కపెట్టడానికి. మైకు ముందల నుంచే నడుస్తా ఉంటుంది కాబట్టి, ప్రతి రికార్డు మొదట్లోనూ పెద్దమ్మ పిలుపు ఉంది. కానీ అది షెడ్డులో నేను విన్న గొంతు కాదు. గాలిలో కాకుండా రాతిలో నుంచి వచ్చిన గొంతు. మొద్దుబారి, లోతుగా, చాలా కింద నుంచి ఎవరో పైకి పిలుస్తున్నట్టు. మాటలు అర్థం కావు. పిలుస్తున్నారని మాత్రమే తెలుస్తుంది. వరసగా వింటూ పోతే ఒకచోట ఆగినాను. ఆమె జ్వరంతో రాని రోజుది. అందులో ఉన్నది నా గొంతే కావాలి. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఆమె గొంతుకు, దానికి ఏమీ తేడా లేదు.

పెద్దమ్మకు ఈ సంగతి చెప్పలేదు. నాయనకు చెప్తే, "రాతిలో నుంచి పోతే అందరి గొంతూ ఒకటే అయితుంది లే" అన్నాడు. కారణం అదే. నాకూ తెలుసు.

వానల్లో ఒక పొద్దున, ఎనిమిది కూడా కాలేదు. రాత్రంతా ముసురు పట్టి షెడ్డు చల్లగా ఉంది. కరెంటు లేదు. రికార్డు చేసే పెట్టె మాత్రం బ్యాటరీ మీద నడుస్తా ఉంది. నేను కుర్చీలో కూర్చొని నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. పెద్దమ్మ ఊడుస్తా ఉంది. చీపురు చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే, ఆమె వంగినది వంగినట్టే నిలబడి ఉంది. చీపురు కింద పెట్టి, నా వైపు చూడకుండా బయటికి నడిచింది.

"రా" అన్నది. అంతే. గట్టిగా కూడా అనలేదు.

నేను పుస్తకం కూడా తీసుకోలేదు. వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డాం. సన్నగా తుంపర పడుతోంది. ఏమీ లేదు. అడుగుదామని నోరు తెరిచినాను. అప్పుడు అరికాళ్ళ కింద లారీ పోయినట్టు అదిరింది. రోడ్డు మీద లారీ లేదు. రేకులు గలగలమన్నాయి. షెడ్డులో రాళ్ళ దొంతర ఒకటి పేకముక్కల మాదిరి జారి పడిన చప్పుడు చాలాసేపు వచ్చింది. అదురు మాత్రం అన్నం ముద్ద మింగినంత సేపే. మా వైపు ఇట్లాంటి అదుర్లు అప్పుడప్పుడూ వస్తాయి, పేపర్లో చిన్న వార్త పడుతుంది, జనం మర్చిపోతారు.

లోపలికి పోతే నా కుర్చీ మీద, చుట్టూ, విరిగిన పలకరాళ్ళు. పుస్తకం కనపడలేదు. పెద్దమ్మ ఒక్కొక్క పలక తీసి పక్కకు పెట్టడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కన కూర్చొని తీయసాగినాను.

పెట్టెలో రికార్డు చూసినాను. అదురు స్పష్టంగా ఉంది, చట్రం ఊగింది, బిళ్ళ జారింది, నా సమీకరణం చెప్పినంతే జారింది. కానీ అదురుకు దాదాపు నిమిషం ముందల, చల్లటి పొద్దున, ఎవరూ తాకకుండా, వేడి లేకుండా, రాతిలో చిటుకులు మొదలైనాయి. బిళ్ళ వెంట్రుకలో సగం జరిగింది. తర్వాత ఆగిన ఆ క్షణం. తర్వాత అదురు.

గైడు చూసి, "మైకుకు ఒక గడియారం, సెన్సర్‌కు ఒక గడియారం. రెండూ కలిసి ఉండవు. వదిలెయ్" అన్నాడు. గడియారాలు సరిచూసినాను. కొంచెం తేడా ఉంది, నిమిషం అంత లేదు. లేకపోతే ముసురుకు రాయి తడి పీల్చి ఉండొచ్చు. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకొని ఏమీ చెప్పకూడదు, అది మా చదువు నేర్పిన మొదటి సంగతి. థీసిస్‌లో ఆ రోజు సంగతి రాయలేదు. వైవాలో ఎవరూ అడగలేదు. నేను డాక్టర్‌ని అయినాను. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏడాదికి ఒకసారి తెరుస్తాను, ఎక్కడ పొరపాటు పడ్డానో దొరుకుతుందేమోనని. దొరకలేదు.

షెడ్డు తర్వాత ఎవరికో అమ్మేసినారు. నాయన యంత్రాన్ని విప్పి ఇనుము గిద్దలూరు తీసుకుపోయినాడు. పెద్దమ్మ పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న పల్లెలో కూతురి దగ్గరికి పోయింది. కూతురు, అల్లుడు మేకలు పెంచుకుంటారు.

మరుసటి వేసవిలో నాయనను వెంటపెట్టుకొని చూడటానికి పోయినాను. కొత్తగా కట్టుకున్న ఒంటిగది ఇల్లు. పెద్దమ్మ మంచం మాత్రం బయట, ఇంటికి దూరంగా, ముళ్ళకంప కంచె పక్కన వేసి ఉంది.

"ఎండకు కూడా లోపలికి రాదక్కా" అన్నది కూతురు నాతో. "వానకు గోనెపట్టా కప్పుకుంటుంది. చెప్పి చెప్పి అలసిపోయినాం."

నేను గోడల చుట్టూ తిరిగి చూసినాను. కిటికీల పైన గోడలను చుట్టి పట్టే కట్టు లేదు. మూలల్లో గోడకు గోడ పట్టు లేదు. పెద్దమ్మ నా వెనకే నడుస్తా, "ఉంటుందా పాపా ఇది?" అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"గట్టిగా అదిరితే ఉండదు పెద్దమ్మా."

"అదే నేనూ చెప్తా ఉన్నా వీళ్ళకు" అన్నది.

నాయన టేపు తీసి మూలలు కొలుచుకున్నాడు. పది రోజులకు ఇనుప పట్టీలు, యాంగిల్ ముక్కలు ఆటోలో వేసుకొని మళ్ళీ వచ్చినాం. నాలుగు మూలలకూ యాంగిల్ పెట్టి, కిటికీల పైన ఇంటి చుట్టూ పట్టీ తిప్పి, గోడ నుంచి గోడకు బోల్టులు దించి బిగించినాడు. అల్లుడు చెయ్యి సాయం పట్టినాడు. సాయంత్రానికి అయిపోయింది. చూడటానికి అందంగా లేదు, మూట కట్టినట్టు ఉంది.

పెద్దమ్మ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి పోయి, గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది. కూతురు ఏదో అనబోతే చేత్తో ఆపింది. మేమందరం బయట నిలబడ్డాం.

"ఏమంటుంది పెద్దమ్మా?" అని అడిగినాను.

"ఏమీ అనడం లేదు" అన్నది. "కొత్త గోడ. దానికి ఇంకా ఏమీ తెలీదు."

అక్కడే గడప లోపల కూర్చొని, చాట దగ్గరికి లాక్కొని కందిపప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. కూతురు మాకు జొన్నరొట్టె, పచ్చడి పెట్టింది. తిని, యర్రగొండపాలెం పోయే చివరి బస్సు అందుకోవడానికి నడిచినాం. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, పెద్దమ్మ ఇంకా లోపలే ఉంది.